ప్రింటర్ అడ్రస్ ఒకచోట నిలవట్లేదు, ఇంట్లో వాటన్నిటికీ ఐపీ మారకుండా పెట్టుకోవడం ఎలా?

చిక్కుముడి:

అందరికీ నమస్తే అండి. ఇంట్లో నెట్‌వర్క్‌తో నెల రోజులుగా అవస్థ పడుతున్నా, కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి ప్లీజ్.

కింద నెట్ కంపెనీ వాళ్లు పెట్టిన రౌటర్ ఉంది. పై అంతస్తుకి సిగ్నల్ అందట్లేదని నా దగ్గరున్న పాత రౌటర్‌ని పైన పెట్టి, కింద రౌటర్ నుంచి కేబుల్ లాగి దానికి గుచ్చా, రెండిటికీ ఒకే వైఫై పేరు ఒకే పాస్‌వర్డ్ పెట్టా, ఫోన్ పట్టుకుని తిరిగితే దానంతటదే మారాలని. ఇవి కాక ఒక లేజర్ ప్రింటర్ (కేబుల్ మీద), ముందు ఒకటి వెనక ఒకటి వైఫై కెమెరాలు, ఫోటోలకీ కెమెరా రికార్డింగ్‌కీ ఒక నాస్ (నెట్‌వర్క్ మీద అందరూ వాడుకునే హార్డ్‌డిస్క్ పెట్టె), ఫోన్లు ల్యాప్‌టాప్‌లు టీవీ అన్నీ కలిపి ఇంకో పదిహేను దాకా ఉంటాయి.

ఇప్పుడు గొడవ ఏంటంటే, ప్రింటర్‌కి నేనే దాని మెనూలోకి వెళ్లి 192.168.1.20 అని ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని నంబర్) మాన్యువల్‌గా పెట్టా. మూడు నాలుగు రోజులు బానే ఉంటుంది, ఉన్నట్టుండి ఒక పొద్దున ఆఫ్‌లైన్ అంటుంది, ఆపి మళ్లీ వేస్తే ఒక్కోసారి వస్తుంది ఒక్కోసారి రాదు. కెమెరాలు ఆటోమేటిక్‌లో వదిలేశా, కరెంటు పోయి వచ్చిందంటే వాటి నంబర్ మారిపోతుంది, నాస్‌లో నేను కెమెరాని నంబర్‌తోనే చేర్చా కాబట్టి రికార్డింగ్ ఆగిపోతుంది. పోయిన వారం ఒక వీడియో కావాల్సొచ్చి వెతికితే వెనక కెమెరాది తొమ్మిది రోజులుగా ఒక్క నిమిషం కూడా రికార్డ్ అవలేదు. అది చూశాక నిజంగా భయమేసింది. ఇంకోటి, పైన కూర్చుంటే నా ల్యాప్‌టాప్‌లో నాస్ అసలు కనపడదు, కిందకొస్తే కనపడుతుంది.

నా ప్రశ్న: దేనికదే స్టాటిక్ ఐపీ (దాని మెనూలోనే మారని నంబర్) పెట్టుకోవాలా, రౌటర్‌లో రిజర్వేషన్ అంటారే అది చేయాలా? ఏ నంబర్లు వాడాలి? ఒకసారి చేస్తే మళ్లీ ముట్టుకోకుండా ఉండాలి, అదీ నా కోరిక.

సర్వర్‌గది:

మంచి ప్రశ్న, వివరాలు కూడా బాగా ఇచ్చారు. ముందు ప్రింటర్ సంగతి చూద్దాం, మీ కథ వింటుంటే కారణం దాదాపు తెలిసిపోతోంది.

రౌటర్‌లో డీహెచ్‌సీపీ అని ఒకటి నడుస్తుంటుంది, కొత్తగా ఏది కనెక్ట్ అయినా దానికి ఒక నంబర్ ఇచ్చేది అదే. ఇవ్వడానికి దాని దగ్గర ఒక రేంజ్ ఉంటుంది, పూల్ అంటారు. చాలా రౌటర్లలో ఆ పూల్ 2 నుంచి 254 దాకా మొత్తం తెరిచేసి ఉంటుంది. మీరు ప్రింటర్‌లో 20 అని పెట్టుకున్నారు సరే, ఆ సంగతి రౌటర్‌కి ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. ప్రింటర్ ఆన్‌లో ఉన్నంతసేపు గొడవ లేకపోవచ్చు, ఎందుకంటే కొన్ని రౌటర్లు ఇచ్చే ముందు ఆ నంబర్‌లో ఎవరైనా ఉన్నారా అని ఒక పింగ్ కొట్టి చూస్తాయి, ఫోన్లు కూడా తీసుకున్నాక ఒకసారి అడిగి చూసుకోవాలి. కానీ రాత్రి మీరు ప్రింటర్ ఆపేస్తే? 20 ఖాళీగా ఉందనుకుని ఎవరికో ఇచ్చేస్తుంది. పొద్దున ప్రింటర్ లేచి 20 నాదే అంటుంది, ఇంకొకరు కూడా నాదే అంటారు, ఒకే సీటుకి ఇద్దరికి టికెట్ ఇచ్చినట్టు.

నమ్మకం కుదరాలంటే ఇలా చేయండి. ఈసారి ఆఫ్‌లైన్ అన్నప్పుడు ప్రింటర్ ప్లగ్ పీకేయండి, స్విచ్ ఆపడం కాదు, పీకేయండి. తర్వాత ల్యాప్‌టాప్ నుంచి పింగ్ 192.168.1.20 కొట్టండి. జవాబొస్తే ఆ జవాబిచ్చేది ఎవరో వేరేవాళ్లు. పూల్ ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉందో కూడా రౌటర్ పేజీలో చూసి చెప్పండి.

పరిష్కారం రౌటర్‌లో రిజర్వేషనే. ప్రింటర్‌ని తిరిగి ఆటోమేటిక్‌లో పెట్టేసి, దాని మ్యాక్ అడ్రస్‌కి (తయారీలోనే కంపెనీ వేసే గుర్తు) ఫలానా నంబర్ అని రౌటర్‌లో రాసేయండి. లెక్క మొత్తం ఒకేచోట ఉంటుంది.

ఈథర్‌తీగ:

నేను ఒప్పుకోను. రిజర్వేషన్ పెట్టుకున్నోళ్లందరూ రౌటర్ మార్చిన రోజు ఏడుస్తారు. నాకు జరిగింది, రౌటర్ పాడైతే కంపెనీ మనిషి కొత్తది పెట్టి వెళ్లాడు, ఇరవై రెండు రిజర్వేషన్లు పోయాయి, ఆ వారాంతం మొత్తం మళ్లీ ఒక్కోటి కొట్టుకుంటూ కూర్చున్నా. స్టాటిక్ అయితే ఆ నంబర్ ఆ పెట్టెలోనే ఉంటుంది, రౌటర్ మారినా లోపల ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూనే ఉంటాయి. పూల్‌ని 100 నుంచి 199కి కుదించేసి, 100 లోపల నంబర్లు చేత్తో పెట్టుకుంటే ఢీకొట్టడం అనేదే ఉండదు. సింపుల్.

సర్వర్‌గది:

పూల్ కుదించమన్నది నూటికి నూరు పాళ్లు కరెక్ట్ అన్నా, ఎవరు ఏ పద్ధతి వాడినా ముందు చేయాల్సింది అదే. కానీ స్టాటిక్‌లో నంబర్ ఒక్కటే కాదు కదా, గేట్‌వే (బయటికి దారి, అంటే రౌటర్ నంబర్), సబ్‌నెట్ మాస్క్ (ఏ నంబర్లు మన ఇంటివో చెప్పేది), డీఎన్‌ఎస్ (పేర్లని నంబర్లుగా మార్చేది) అన్నీ చేత్తో పెట్టాలి. మీకొచ్చిన కొత్త రౌటర్ 192.168.1.1 బదులు 192.168.0.1 మీద వచ్చి ఉంటే? అప్పుడు స్టాటిక్ పెట్టినవన్నీ పాత వీధిలోనే ఉండిపోతాయి, బ్రౌజర్‌లో వాటి పేజీ కూడా తెరుచుకోదు, కెమెరా లాంటివాటికి స్క్రీన్ కూడా ఉండదు, నిచ్చెనేసుకుని ఎక్కి వెనక రీసెట్ బటన్ నొక్కాల్సి రావచ్చు. ఆటోమేటిక్‌లో ఉన్నవైతే వాటంతటవే కొత్త రౌటర్ కింద చేరిపోతాయి, నంబర్ తప్పొచ్చినా దొరుకుతాయి. నేనైతే దొరకడమే ముఖ్యం అంటా.

రౌటర్‌లో సెట్టింగ్స్ బ్యాకప్ ఫైల్ దింపుకునే ఆప్షన్ దాదాపు ప్రతిదాంట్లో ఉంటుంది, అయితే అది అదే మోడల్‌కి తప్ప వేరేదానికి ఎక్కకపోవచ్చు, కాబట్టి రిజర్వేషన్ పేజీని ఒక ఫోటో తీసి పెట్టుకోండి, లేదా కాగితం మీద పేరు, మ్యాక్, నంబర్ రాసి రౌటర్ అడుగున అతికించండి. నేను అదే చేస్తా.

ఒక్కచోట మాత్రం మీ మాటే రైట్. యాడ్స్ ఆపడానికని సొంత డీఎన్‌ఎస్ పెట్టె నడిపేవాళ్లు దానికి స్టాటిక్ పెట్టడమే మేలు, ఎందుకంటే ఇంట్లో మిగతావన్నీ దాన్ని నంబర్‌తోనే పిలుస్తాయి, అది ఇంకొకరి మీద ఆధారపడి లేవకూడదు.

చిక్కుముడి:

అండీ, ఈరోజు పొద్దున మళ్లీ ఆఫ్‌లైన్ అంది, మీరు చెప్పినట్టే ప్లగ్ పీకేసి పింగ్ కొట్టా. జవాబొచ్చింది! ప్రింటర్ వైర్ చేతిలో పట్టుకుని ఉన్నా, స్క్రీన్ మీద మాత్రం 192.168.1.20 నుంచి రిప్లైలు వస్తున్నాయి. ఇంకోటి గమనించా, మామూలుగా ప్రింటర్ కేబుల్ మీద ఒక మిల్లీసెకను లోపే జవాబిస్తుంది, ఇవేమో 84, 212, 9, 147 ఇలా ఎగుడుదిగుడుగా వచ్చాయి, ఏదో నిద్రలోంచి లేచి పలుకుతున్నట్టు. వెంటనే ఏఆర్‌పీ మైనస్ ఏ (ఏ నంబర్ ఏ మ్యాక్‌దో చూపించే కమాండ్) కొట్టి ఆ నంబర్ పక్కనున్న మ్యాక్ చూశా, ప్రింటర్ నుంచి తీసిన నెట్‌వర్క్ సెట్టింగ్స్ పేజీలో ఉన్న మ్యాక్‌తో ఒక్క అక్షరం కలవలేదు. ఒక్కో ఫోన్ వైఫై ఆపుకుంటూ వెళ్తే మా అమ్మ ఫోన్ దగ్గర పింగ్ ఆగిపోయింది. దొరికింది దొంగ.

పూల్ చూశా, 2 నుంచి 254 దాకానే ఉంది.

కానీ ఇంకో వింత. రిజర్వేషన్ పెడదామని కెమెరాల కోసం కింద రౌటర్ లిస్ట్‌లో చూస్తే ముందు కెమెరా ఉంది గానీ వెనకది లేదు. కెమెరా యాప్‌లోనేమో లైవ్ వస్తోంది. యాప్‌లో దాని వివరాల్లో ఐపీ 192.168.0.104 అని ఉంది. మా ఇంట్లో అన్నీ 192.168.1 కదా, ఈ సున్నా ఎక్కడ్నుంచి వచ్చింది?

దీపస్తంభం:

ఆ సున్నా పైనున్న పాత రౌటర్‌ది. మీ అసలు సమస్య అదే, ప్రింటర్ గొడవ దాని ముందు చిన్నది.

కింద నుంచి వచ్చే కేబుల్‌ని పాత రౌటర్ వాన్ పోర్ట్‌లో (ఇంటర్నెట్ వైపుది) గుచ్చి ఉంటారు, మిగతావాటికంటే వేరే రంగులో ఉంటుందే అది. అలా గుచ్చితే అది తన వెనక ఇంకో ఇల్లు కట్టేస్తుంది, సొంత డీహెచ్‌సీపీ, సొంత నంబర్లు, మధ్యలో గోడ. మీ వైఫై పేరు రెండుచోట్లా ఒకటే కాబట్టి వెనక కెమెరా కరెంటు వచ్చిన ప్రతిసారీ ఏ సిగ్నల్ గట్టిగా ఉంటే దాన్ని పట్టుకుంటుంది, కింద పడితే 192.168.1 ఏదో ఒకటి, పైన పడితే 192.168.0 ఏదో ఒకటి. పైన పడ్డప్పుడు నాస్ దాన్ని చేరలేదు, ఎందుకంటే పైవాళ్లు కిందవాళ్లని పిలవగలరు గానీ కిందవాళ్లు పైవాళ్లని పిలవలేరు, గోడ అటువైపు నుంచి మాత్రమే తెరుచుకుంటుంది. యాప్ పనిచేస్తుంది ఎందుకంటే అది ఇంటర్నెట్ మీదుగా తిరిగొస్తుంది. అందుకే తొమ్మిది రోజులు మీకు అనుమానం రాలేదు. పై ల్యాప్‌టాప్‌లో నాస్ కనపడకపోవడం కూడా ఇదే, నెట్‌వర్క్‌లో ఎవరెవరున్నారు అని వేసే కేక ఆ గోడ దాటదు, నంబర్ కొడితే మాత్రం తెరుచుకుంటుంది, కావాలంటే చూడండి.

ఈ స్థితిలో కింద రౌటర్‌లో ఎన్ని రిజర్వేషన్లు పెట్టినా వెనక కెమెరాకి అవి తగలవు, దానికి నంబర్ ఇచ్చేది వేరేవాళ్లు కాబట్టి. ముందు ఇంటికి నంబర్లు ఇచ్చే చెయ్యి ఒకటే ఉండాలి, ఆ తర్వాతే ఏ నంబర్ అన్నది.

పాత రౌటర్ సెట్టింగ్స్‌లో యాక్సెస్ పాయింట్ మోడ్ (వైఫై మాత్రమే ఇచ్చేది) అని ఉంటే అది ఎంచుకోండి, సగం పని అదే చేస్తుంది. లేకపోతే చేత్తో చేయాలి, వరస ముఖ్యం, తప్పితే బయటే నిలబడిపోతాం. ముందు వాన్ పోర్ట్‌లోని కేబుల్ పీకండి, లేదంటే తర్వాతి మెట్టులో రెండువైపులా ఒకే నంబర్ వరస వచ్చిందని మొరాయిస్తుంది. ల్యాప్‌టాప్‌ని దాని లాన్ పోర్ట్‌కి (ఇంట్లోవాటి కోసం ఉండేది) కేబుల్‌తో కలిపి లోపలికెళ్లి, దాని సొంత అడ్రస్‌ని 192.168.1.2 చేసి సేవ్ కొట్టండి. అది మళ్లీ లేచాక 192.168.1.2 తో లోపలికి వెళ్లి డీహెచ్‌సీపీ సర్వర్ ఆపేయండి. ఇక్కడ చాలామంది కంగారు పడతారు, ఆపిన తర్వాత ల్యాప్‌టాప్‌కి నంబర్ ఇచ్చేవాళ్లు లేక 169.254 తో మొదలయ్యే నంబర్ ఒకటి తనకు తానే పెట్టుకుంటుంది, అది పాడైనట్టు కాదు, అడిగితే ఎవరూ పలకలేదని అర్థం. చివరగా కింద నుంచి వచ్చే కేబుల్‌ని వాన్‌లో కాకుండా లాన్ పోర్ట్‌లో గుచ్చండి, వాన్ ఖాళీగా వదిలేయండి. అంతే, అది ఇక ఉత్త వైఫై పెట్టె.

ఇంకో మాట, కేబుల్ లాన్‌లో గుచ్చి డీహెచ్‌సీపీ ఆపడం మర్చిపోయారనుకోండి, అప్పుడు ఇంతకంటే ఘోరం, ఒకే తీగ మీద రెండు రౌటర్లు నంబర్లు పంచుతాయి, ఎవరు ముందు పలికితే వాళ్లది. కాబట్టి ఆపేశాకే గుచ్చండి.

రాత్రిపిట్ట:

పైవాళ్లు చెప్పినదానికి కొన్ని కలుపుతా, ఇవి తెలియక నేను రోజులు పోగొట్టుకున్నా.

రిజర్వేషన్ మ్యాక్ మీద నడుస్తుంది, కానీ ఒక పెట్టెకి ఒకటే మ్యాక్ అనుకోకండి. ప్రింటర్‌కి కేబుల్‌కొకటి వైఫైకొకటి ఉంటాయి, నాస్‌లో రెండు కేబుల్ పోర్ట్‌లుంటే రెండు. మీరు రాసింది వైఫై మ్యాక్ అయితే కేబుల్ గుచ్చినప్పుడు అది పనిచేయదు. ఇక ఫోన్లు, 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి, 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి అసలు మ్యాక్ దాచి ఉత్తుత్తి మ్యాక్ చూపిస్తాయి. కనిపెట్టడం తేలిక, మ్యాక్‌లో రెండో అక్షరం 2, 6, ఎ, ఇ ఈ నాలుగిట్లో ఒకటైతే అది దాదాపుగా ఉత్తుత్తిదే, కంపెనీ వేసింది కాదు. ఫోన్‌కి రిజర్వేషన్ అక్కర్లేదు, నిజంగా కావాలంటే ఆ ఒక్క వైఫైకి ప్రైవేట్ అడ్రస్ ఆపుకోండి చాలు.

రిజర్వేషన్ సేవ్ చేయగానే నంబర్ మారదు, ఇది చాలామందిని తికమక పెడుతుంది. దాని దగ్గరున్న లీజు (ఆ నంబర్ వాడుకునే గడువు) సగం అయ్యేదాకా అది రౌటర్‌ని మళ్లీ అడగదు, లీజు 24 గంటలైతే 12 గంటలు పాతదాంతోనే ఉంటుంది. ఆ పెట్టెని ఒకసారి ఆపి వేయండి.

రిజర్వ్ చేసే నంబర్ పూల్ లోపల ఉండాలా బయట ఉండాలా అన్నది రౌటర్‌ని బట్టి, కొన్ని లోపలిదే ఒప్పుకుంటాయి, కొన్ని ఎక్కడైనా సరే అంటాయి, రెండూ క్షేమమే. చేత్తో పెట్టే స్టాటిక్ మాత్రం ఖచ్చితంగా బయటే ఉండాలి.

ఆఫీస్ వీపీఎన్ (ఇంటి నుంచి ఆఫీస్ నెట్‌వర్క్‌లోకి వెళ్లే దారి) వాడేవాళ్లుంటే అడ్రస్‌లో మూడో అంకె (రెండో చుక్క తర్వాతది) 1 గానీ 0 గానీ కాకుండా చూసుకోండి, అవతల కూడా అదే వరస ఉంటే ల్యాప్‌టాప్‌కి ఏది ఇల్లో ఏది ఆఫీసో తెలియదు. 192.168 కింద మూడో అంకె 0 నుంచి 255 దాకా ఏదైనా మనదే, 1996లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1918 అనే ఇంటర్నెట్ నియమాల పత్రం అవన్నీ ప్రైవేట్‌గా వాడుకోమని వదిలేసింది. మీరెలాగూ అంతా విప్పుతున్నారు కాబట్టి ఇప్పుడే 192.168.37 లాంటిది పెట్టేసుకుంటే మళ్లీ చేయక్కర్లేదు. అలా మార్చేపనైతే పాత రౌటర్‌కి కూడా 192.168.1.2 బదులు 192.168.37.2 ఇవ్వాలి.

అలాగే వీలైనచోట నంబర్ బదులు పేరు వాడండి. ప్రింటర్లు, నాస్‌లు చాలావరకు చివర డాట్ లోకల్ ఉన్న పేరుతో పలుకుతాయి, దీనికి రౌటర్ సాయం కూడా అక్కర్లేదు. రౌటరే ఇచ్చే లోపలి పేర్లు ఉంటాయి చూడండి, అవి మాత్రం ఫోన్‌లో ప్రైవేట్ డీఎన్‌ఎస్ ఆన్ ఉంటే దొరక్కపోవచ్చు, ఎందుకంటే ఫోన్ రౌటర్‌ని అడక్కుండా నేరుగా బయటివాళ్లని అడుగుతుంది.

చిక్కుముడి:

అయిపోయిందండి!! ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలు పట్టింది కానీ అయిపోయింది.

పాత రౌటర్‌లో యాక్సెస్ పాయింట్ మోడ్ లేదు, దీపస్తంభం గారు చెప్పిన వరసలోనే చేశా, 169.254 వచ్చినప్పుడు ముందే చెప్పారు కాబట్టి భయపడలేదు. మూడో అంకె 37 చేశా, మా అక్క ఇంటి నుంచే ఆఫీస్ పని చేస్తుంది, ఇన్నాళ్లూ వీపీఎన్ వేయగానే తనకి ప్రింటర్ పోయేది, అది వేరే జబ్బు అనుకున్నాం, ఇప్పుడు తనకీ ప్రింట్ వస్తోంది. పూల్ 100 నుంచి 199. పై రౌటర్ 2, నాస్ 50, ప్రింటర్ 51, కెమెరాలు 60, 61. పై రౌటర్ తప్ప అన్నీ రిజర్వేషనే, నాస్ కూడా. ప్రింటర్ మొదటిసారి రాలేదు, రాత్రిపిట్ట గారు చెప్పిన తప్పే చేశా, వైఫై మ్యాక్ కొట్టా, సెట్టింగ్స్ పేజీలో రెండూ ఒకదాని కింద ఒకటి ఉన్నాయి, పైది చూసి రాసేశా.

తర్వాత పరీక్ష పెట్టా. మెయిన్ స్విచ్ ఆపేసి ఐదు నిమిషాలాగి వేశా, వెనక కెమెరా ఈసారి కూడా పై వైఫైనే పట్టుకుంది కానీ నంబర్ 61 వచ్చింది, నాస్‌లో రికార్డింగ్ దానంతటదే మొదలైంది. ఆ ఎర్ర చుక్క చూస్తూ కాసేపు అలా కూర్చుండిపోయా.

ఒక్క డౌట్ మిగిలింది, లిస్ట్‌లో కొన్నిటి పక్కన ఐపీవీ6 (కొత్త తరం ఐపీ) అడ్రస్‌లు కూడా పొడుగ్గా ఉన్నాయి, వాటినేమైనా చేయాలా?

సర్వర్‌గది:

వదిలేయండి. అవి పరికరాలు తమకు తామే పెట్టుకునేవి, మీరు నంబర్‌తో చేర్చినవన్నీ పాత పద్ధతి నంబర్లతోనే వెళ్తున్నాయి కాబట్టి అడ్డం రావు. ఎప్పుడైనా ఐపీవీ6లో కూడా లోపల మారని అడ్రస్ కావాలంటే ఎఫ్‌డీతో మొదలయ్యే లోకల్ అడ్రస్‌లుంటాయి, కంపెనీ వాళ్లిచ్చే ముందుభాగం మారినా అవి మారవు, రౌటర్‌లో యూఎల్ఏ అని వెతకండి.

ఇంకో పని చేయండి, నాస్‌లో కెమెరా రికార్డింగ్ ఆగితే ఫోన్‌కి మెసేజ్ వచ్చే అలర్ట్ ఉంటుంది, అది ఆన్ చేయండి. కెమెరా పాడైనా, వైఫై పాస్‌వర్డ్ మారినా కూడా ఆగొచ్చు కదా.

ఈథర్‌తీగ:

బాగా చేశారు. రిజర్వేషన్ పేజీ ఫోటో తీశారా?

చిక్కుముడి:

తీశానండి, కాగితం మీద కూడా రాసి రౌటర్ అడుగున అతికించా. అలర్ట్ ఇప్పుడే ఆన్ చేశా, వెనక కెమెరా ప్లగ్ తీసి చూస్తే రెండు నిమిషాల్లో ఫోన్ మోగింది.